వేలి గుర్తు

మడికొండ బస్టాపు దాటినంక రెండో దుకాణం నాది.
పొద్దుగాల షట్టర్ లేపంగనే
తోరణం లెక్క ఏలాడ్తయి
అయిదు రూపాల పాకెట్లు.
బడి గంటకు ముందట నలభై తెంపుత,
పరీక్షలప్పుడు ఇంకిన్ని.
గల్ల నిండుతది. అబద్ధమెందుకు.

నిన్న మాపటీలి బేరం లేక
అద్దాలు పెట్టుకొని ఒకదాని ఎన్క సదివిన.
చీమ తలకాయలంత అక్షరాలు.
ఉప్పు, పామాయిల్ ఎరికైనయి.
ఆ తర్వాతయన్ని నంబర్లే,
జైల్ల మనుషులకిచ్చినట్టు.
మక్క పేరు నడుమల యాడనో నక్కింది.

గీ జాగలనే మా అవ్వ సాంబలక్ష్మి
మంగలంల ఇసుక కాగవెట్టి మక్కలు ఏంచేది.
చిటపటమంటె గల్లి గల్లంత ముక్కు ఎగవీల్చేది.
పేలని గింజలు మా జేబులల్ల పోసి
"గివ్వి మొండియి బిడ్డా, పండ్లకు పని చెప్తయి" అని నవ్వేది.
వానకాలమైతే సర్వపిండి.
నూనె దిగాలని వేలితోని పొక్కలు పొడిచేది.
నా ముక్కకు మూడు పొక్కలుండాలె,
అన్న ముక్కకు రెండే—
గదే మా కొట్లాట.
గిప్పుడు అన్నకు షుగరు, నాకు బీపీ.
కొట్లాట లేదు.

పాకెట్ చింపిన.
సగం గాలి.
తక్కిన సగం నోట్లె ఏసుకుంటె
నమలకముందే కరిగి
ఇంకోటి తెమ్మన్నది నాలిక.
తిన్న. ఒడిసేదాంక తిన్న.
అన్ని ఒక్క తీరు. ఒక్క అచ్చు.
ఏ ముక్క మీద సూడు,
ఎవ్వల వేలూ పడలే.

గంతల మన్విత్ వచ్చిండు, ట్యూషన్ బ్యాగుతోని.
"అత్తా, గా పచ్చది."
"పుట్నాలున్నయిరా, బెల్లం కలిపిస్త" అన్న.
వాడు నా దిక్కు గాదు, పైన తోరణం దిక్కే సూస్తుండు.
తెంపి ఇచ్చిన.
బల్ల మీద బిళ్ల పెట్టి ఉరికిండు.
తీసుకుంటే ఎచ్చగున్నది—
ఎంత దూరం నుంచి గుప్పిట్ల పట్టుకొచ్చిండో.