తిరగేసి కుట్టిన నరం

మిర్చి యార్డు గేటు నుంచి మా కొట్టు దాకా
నూట ఎనభై అంగలు.
ఒకప్పుడు లెక్కపెట్టే అవసరమే లేదు.
తర్వాత నూరు. ఆ తర్వాత అరవై.
అరవయ్యో అంగ దగ్గర పిక్క
ఎవరో తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగేది.
ఆగి, సెల్లు చూసుకుంటున్నట్టు నటించేవాణ్ణి.
కాసేపటికి వదిలేది. మళ్ళీ అరవై.

మేస్త్రీ అంకారావు కనిపెట్టాడు:
"ఏం మీరావలీ, ఈమధ్య నీకు ఫోన్లు ఎక్కువయ్యాయే!"

బొటనవేలు నల్లబడ్డాక దాచడానికేముంది.
మౌలాబీ నా బీడీ కట్ట పొయ్యిలో వేసి
ఆటో పిలిచింది, పెద్దాసుపత్రికి.

పాదం మీద చల్లటి జిగురు పూసి
పెన్ను లాంటిది ఆనించింది సలోమి నర్సమ్మ.
ఎడమ కాల్లో కుట్టుమిషను చప్పుడు.
కుడి కాల్లో
ఎండాకాలం సెలవుల్లో యార్డు.

డాక్టరు చిన్నవాడు, మా పెద్దమ్మాయి ఈడు.
కాయితం మీద గీసి చూపించాడు:
తొడలో రక్తం దారి పూడిపోయింది,
మోకాలి కిందికి వేరే దారి వెయ్యాలి.
"గొట్టమా సార్?"
"కాదు, నీ కాల్లో నరమే. తీసి, తిరగేసి కుడతాం."
తిరగెయ్యడం దేనికన్నాను.
లోపల చిన్న చిన్న తలుపులుంటాయట,
అన్నీ గుండె వైపుకే తెరుచుకుంటాయట.
ఇన్నేళ్ళూ కిందనుంచి పైకి మోసిన నరం
ఇకనుంచి పైనుంచి కిందికి మొయ్యాలి.
తలకిందులు చేస్తే గానీ తలుపు దారివ్వదు.

నాకు నవ్వొచ్చింది.
ముప్ఫై ఒక్కేళ్ళు నేను చేసిందీ అదే గదా:
వీపున టిక్కీ, చేతిలో కొక్కెం,
వంగిన బల్ల మీదుగా లారీలోకి.
ఎప్పుడూ పైకే.
దించే పని కుర్రాళ్ళదని నామోషీ.

థియేటర్లో గాలికి ఘాటు లేదు.
ముక్కు నిండా పీల్చాను.
అంతవరకే గుర్తు.

ఆరు గంటలు పట్టిందట.
బయట మౌలాబీ ఎవరిని ఏం అడిగిందో
ఇప్పటికీ చెప్పదు.
బొటనవేలు దక్కలేదు.
పాదం మాత్రం వెచ్చగా ఉంది,
ఎవరో ఇప్పుడే తొడుక్కుని విడిచిన చెప్పులా,
నాది కానట్టు.

సలోమి మళ్ళీ పెన్ను ఆనించింది.
హుష్... హుష్... హుష్...
మౌలాబీ చెవి దగ్గరగా పెట్టి
చాలాసేపు విని,
"బరువెత్తినట్టు రొప్పుతోంది, పాపం" అంది.

కొత్త పని గదా,
అలవాటు పడనీ, అన్నాను.