ఎంగిలి

పెంజాన్స్‌లో చేపల రేవు వెనక సందు,
రెండో అంతస్తు, ఉత్తరపు కిటికీ.
బల్ల మీద ఒక సముద్రం
వెల్లకిలా పడుకుని ఉంది, రోగిలా.

పుల్లకు దూది చుట్టి
నాలుక మీద తడిపి
ఒక్కో అంగుళం తుడుస్తున్నాను.
నవ్వకండి, పద్ధతే ఇది.
ఏ సీసాలోని మందూ
ఉమ్మంత మెత్తగా మసిని ఒప్పించలేదు.
ఒకసారి తుడిచిన దూది మళ్ళీ నోటిదాకా రాకూడదు, అంతే.
గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే ఇంట్లో పుట్టి
ఎవరిదో సముద్రాన్ని
పొద్దుటి నుంచీ ఎంగిలి చేస్తున్నాను.

గీసినావిడ హెస్టర్ ఓల్డ్‌రాయిడ్.
బ్రాడ్‌ఫర్డ్ ఉన్నిమిల్లుల పొగలోంచి
వారం రోజులకని సెయింట్ ఆగ్నెస్ దీవికి వెళ్ళి
నలభై ఒక్క ఏళ్ళు తిరుగు పడవ ఎక్కలేదట.
అడిగితే, ఇవాళ గాలి బాలేదు, అనేదట.

కాన్వాసు కొనే డబ్బుల్లేవు.
లండన్‌కి నర్సిసస్ పూలు పంపే పెట్టె మూత ఇది.
వెనక్కి తిప్పితే
నల్ల సిరాలో పూల బజారు చిరునామా,
'పన్నెండు డజన్లు. త్వరగా.'
ముందువైపు ఎవరికీ తొందర లేదు.
కెరటం ఒకటి రాయి మీదికి లేచి
పంతొమ్మిది వందల యాభై నాలుగు నుంచీ
విరగాలా వద్దా అని చూస్తోంది.
దాని వీపు మీద ఒక పసుపు తళుకు,
మాగాయ ఊట మీద తేలే నూనెలా.
ఏ ట్యూబులోనూ దొరకదు. ఎలా కలిపిందో.

రంగులో ఇసుక రేణువులున్నాయి,
గాలికొచ్చి అంటుకున్నవి. తీసెయ్యలేదావిడ.
ఒకచోట ఈగ కాలు.
కింది అంచున బొటనవేలి ముద్ర,
నీలం ఆరకముందే ఎత్తి పట్టుకుని
వానకు పరుగెత్తినట్టుంది.

మధ్యాహ్నానికి ఆకాశం సగం తేరుకుంది.
అందరూ సాయంత్రం అనుకున్నది
మబ్బు పట్టిన మామూలు పగలు.
దూది మాత్రం టీ డికాషన్ రంగు.

అప్పుడొచ్చాడు యజమాని డెంజిల్ హిక్స్,
పడవ నడిపేవాడు.
టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.
వాళ్ళ నాన్నకి ఇచ్చిందట దీన్ని,
ఒక చలికాలపు కిరసనాయిలు బాకీ కింద.
పొయ్యి పైన అరవై ఏళ్ళు వేలాడింది.
దూదిపుల్లల కుప్ప వైపు చూసి మెల్లగా అడిగాడు:
'అందులో మా నాన్న పైపు పొగ ఎంత ఉంటుంది?'

నా చదువులో ఎవరూ చెప్పలేదు,
మసికి ఒక మనిషి ఉంటాడని,
మసికి దగ్గు ఉంటుందని.

సముద్రంలో కాకిరెట్ట అంటారు మావాళ్ళు,
లెక్కలోకి రానిదాన్ని.
కుడివైపు కింది మూల
గోరంత మేర తుడవకుండా వదిలేశాను.
ఇంత నీటికి ఒక దిష్టిచుక్క.

ఆయన వంగి,
ముక్కు దాదాపు తగిలేలా,
ఆ మూలని వాసన చూశాడు.
నేను కిటికీ వైపు తిరిగాను.
రేవులో పోటు మొదలై పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.
పొద్దుటి నుంచీ తడి ఇచ్చిచ్చి నోరు పిడచకట్టుకుపోయింది.
నీళ్ళ గ్లాసు తీసుకుని
పెదవికి తగిలించే తాగాను.