తోక తెగిన దెబ్బ

షార్జాల, రోలాకు ఇవతల, టైర్ల దుకాణాల గల్లీల
మా సెలూన్‌కు మూడు కుర్చీలు, ఒక ఏసీ,
వంతు కోసం కూసున్నోళ్లకు
ఓనర్ ఎవరి దగ్గర్నో బాకీ కింద పట్టుకొచ్చిన గేమ్ పెట్టె.
సెలవు రోజు వంతుకు గంటన్నర పడుతది.
గంటన్నర తన్నుకుంటరు, తెర మీద.

దుబ్బరాజం స్కఫోల్డింగ్ మనిషి.
నట్టు బిగించినట్టే బటన్ మీద బొటనవేలు పెడతడు.
ఒకటే బటన్, డబ్బా గుర్తుది,
టకటకటకటక.
అయినా తెర మీద వాని బొమ్మ
గుద్దుతది, తన్నుతది, గిర్రున తిరిగి ఎగిరి
ఎదుటోన్ని గోడకు కొడతది.
"చూస్తివా నా పని" అంటడు అద్దంలకెల్లి.
వాని పని కాదు. తయారు చేసినోడెవడో
అలసిన చేతికి అంత మాత్రం రాయితీ రాసిపెట్టిండు.
నేనేమనలే. పది గంటలు ఎండల పైపులు మోసినోనికి
ఒక్క బటన్‌కు ఏడు దెబ్బలు దక్కితే
ఎవని సొమ్ము పోయింది?

కఫ్తీరియా పిల్లగాడు శఫీక్‌కు మాత్రం మంట.
"అది ఆట కాదు భాయ్" అని
మలయాళం కలిసిన హిందీల నాకు నేర్పబోయిండు.
ప్రతి దెబ్బకు ఒక తోక ఉంటదట.
చాచిన చెయ్యి వెనక్కి వచ్చేదాకా
మనిషి ఖాళీ, ఎవడన్నా కొట్టచ్చు.
దెబ్బ తాకిన ఎంబడే, ఆ తోక పడకముందే
ఇంకో దెబ్బ అడగాలె.
పాతది అక్కడికక్కడ రద్దు, కొత్తది షురూ.
దాన్నే క్యాన్సిల్ అంటరట.
తొందరపడితే వినదు, ఆలస్యమైతే వినదు.

వాడు చెప్తుంటె నా చేతిల కత్తెర ఆగలే.
వెంట్రుక తెగిన చోట ఒక చప్పుడు,
దువ్వెన జరిగేలోపు, ఉత్త గాలిల నాలుగు.
నేర్చుకునే ఏడు మా చిన్నాయన మొట్టికాయ వేసి చెప్పిండు:
"ఆగి మొదలుపెడితే తల మీద మెట్లు పడతయ్ రా, ఆగకు."
అప్పుడు దానికో పేరుందని తెల్వదు.

ఇగ బుచ్చిలింగం. లిఫ్టుల మెకానిక్. మాట తక్కువ.
శఫీక్‌ను పదిసార్లు ఓడగొట్టినోడు
అసలు కొట్టడు.
పెద్ద దెబ్బకు చెయ్యి లేపుతడు, శఫీక్ ముడుచుకుంటడు,
సగంల క్యాన్సిల్. చెయ్యి కిందికి.
తెర అడుగున కూడబెట్టిన నీలం గీత సగం ఖర్చు.
ఆ భయం మీద ఊరికె రెండడుగులు ముందుకు నడుస్తడు.
కొట్టకపోవడానికి అంత ఖర్చు పెట్టేటోన్ని
ఈ దేశంల ఇంకెక్కడ చూడలే.

మొన్న బేస్తారం, ఎవరూ లేని వేళ వచ్చిండు.
"దగ్గరగ కొట్టు. మళ్ళ ఎప్పుడో."
కంపెనీ మూసిండ్రు. వీసా క్యాన్సిల్.
గల్ఫ్‌ల ఆ మాటకు అర్థం చెప్పే పని లేదు,
ఇన్నేండ్లు అది వింటే నా కాళ్లు చల్లవడేటియి.
ఆ పొద్దు, మెడ మీద నూగు గీస్తుంటె
నోట్లకెల్లి జారింది: "తరువాతి దెబ్బ ఏందన్నా?"
అద్దంల నన్ను చాలాసేపు చూసిండు.
"బటన్ నొక్కిన. ఇంకా వినలే."
ఇరవై దిర్హముల నోటు ఇచ్చి చిల్లర వద్దన్నడు.

ఇయ్యాల దుబ్బరాజం మళ్ళ వచ్చిండు.
రిమోట్ మీద డబ్బా గుర్తు అరిగి నున్నగైంది.
కుడి భుజం మీది బటన్, బుచ్చిలింగం వేలిది,
దాని సందుల వెంట్రుకలు ఇరికినయి.
టకటకటకటక.
బొమ్మ గిర్రున తిరిగి ఎగిరింది.
కుర్చీ ఖాళీ అయితే
తువ్వాల దులిపి, తరువాతోన్ని పిలిచిన,
కత్తెర గాలిల ఆడుతనే ఉంది.