జానా మూడు వేళ్ళు

పొదలకూరు నిమ్మకాయల మండీలో
ఇరవై ఆరేళ్ళు కాటా ముందు కూర్చున్నవాణ్ణి.
బస్తా దించినాక ముల్లు సున్నాకి రాకపోతే
ఆ కాటాని నమ్మను.

సైదాపురం గనుల కంపెనీ మూతబడ్డాక
షెడ్డులో పందికొక్కులు కాపురం పెట్టిన ల్యాండ్‌మాస్టర్‌ని
ఇనుము ధరకి తెచ్చుకున్నాను.
మా ఇంటావిడ చుట్టూ తిరిగి చూసి
"వెనక కూర్చుండిపోయిందే, ఈనబోయే బర్రె మాదిరి" అనింది.
నిజమే. ముట్టె ఆకాశానికి, తోక నేలకి.
లైటు వేస్తే వెలుగు రోడ్డు మీద పడదు,
కరెంటు తీగల మీది కాకులు లేస్తాయి.

కాలేషా గోనెపట్ట పరుచుకుని కిందకి దూరాడు.
నోట్లో టార్చి. చాలాసేపు మాట లేదు.
తర్వాత చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది,
రేకు అంచుకి బొటనవేలు ఆనించి
టైరు మీదికి చిటికెన వేలు చాపి:
"కుడిపక్క జాన.
ఎడంపక్క జానకి నాలుగు వేళ్ళు తక్కువ.
ఈడ ఎవురో బో కాలం కూర్చోనుండారన్నా."

ఎవరు?
ఒళ్ళో జీతాల పెట్టె పెట్టుకున్న గుమాస్తానా,
గనిలో కాలు నలిగితే
నెల్లూరు పెద్దాసుపత్రికి పడుకోబెట్టి తీసుకుపోయిన మనుషులా?
వాళ్ళని ఏ కాటా మీదా ఎక్కించలేదు.
ఏ పద్దులోనూ రాయలేదు.

బోల్టులు రాలేదు.
కిరసనాయిలు పోశాం, తిట్టాం, రెండు రాత్రులు నానబెట్టాం.
మూడో రోజు ఎవరూ ముట్టుకోకుండానే ఒకటి వదులయింది.
కమాను కట్ట విప్పితే ఏడు పట్టీలు.
విల్లులా ఉండాల్సినవి గడకర్రలా తిన్నగా సాగి ఉన్నాయి.
నాలుగోది ఎప్పుడో విరిగింది,
విరిగిన సంగతి పైనా కిందా చెప్పకుండా మోస్తోంది.
పట్టీకీ పట్టీకీ మధ్య తుప్పు,
తుప్పులో కాకిబంగారం.
కాలేషా గోటితో గీరాడు. పొర కింద పొర, పొర కింద పొర.
మధ్యాన్నం దాకా వాడి వేళ్ళు మెరుస్తూనే ఉన్నాయి,
అన్నం ముద్దలో కూడా.

రాపూరు రోడ్డులో మాల్యాద్రాచారి కొలిమి.
రేగుపండు రంగు తిరిగేదాకా కాల్చి, వంచి,
పాత ఇంజనాయిలు తొట్లో ముంచాడు.
"వంచడం ఎవుడైనా వంచుతాడు సామీ,
చల్లార్చడంలో ఉండాది యాపారం."
విరిగిన పట్టీకి బదులు లారీది ఒకటి కోసి వేశాడు.
దానికి డబ్బులు వేరే.

బిగించి జాకీ దించితే
ఇప్పుడు వెనక లేచి నిలబడింది, తేలు కొండెత్తినట్టు.
నాకు సంతోషం. ముల్లు సున్నాకొచ్చింది కదా అన్నాను.
ఆచారి నవ్వాడు:
"సున్నా మీద నిలబడే కమాను యాడన్నా ఉండాదా?
బండి బండికే బరువు. పోయి నాలుగు బస్తాలెయ్,
అయిదు రోజులు కదిలించబాక."

మండీ నుంచి నాలుగు బస్తాలు, కాటా వేసి మరీ ఎక్కించాను.
మూడువందల పన్నెండు కిలోలు.
ఎండకి పచ్చికాయలు డిక్కీలోనే పండాయి.
ఆ వారం మా వీధి కుక్కలు కూడా
బండి దగ్గరికొచ్చి తుమ్మి పోయేవి.

ఆరో పొద్దున దించి కొలిచాం.
కుడిపక్క జానా మూడు వేళ్ళు.
ఎడంపక్క జానా రెండున్నర.
కాలేషా స్పానర్ చేతిలో పట్టుకుని నా మొహం చూశాడు,
మళ్ళీ విప్పమంటానేమోనని.
టీ తాగుదాం పద అన్నాను.

నెలకోసారి గ్రీజు పూస్తాను, బుష్‌లు చూస్తాను,
చెయ్యి ఆనించి రెండుపక్కలా కొలుస్తాను.
మండీ చిట్టా వెనక పేజీలో
తేదీ, కుడి, ఎడమ.
ఆ అర వేలు అర వేలుగానే ఉంది.
దాని ఎదురుగా
పేరు రాయాల్సిన గడి
ప్రతి నెలా ఖాళీగా వదిలేస్తున్నాను.