నారింజ రంగు గోలీ

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ ఎనుక సందుల మా మందుల షాపు.
షట్టర్ లేపంగనే ముందుగాల వచ్చేది గిరాకి కాదు, వాసన.
బస్తాల కింద నలిగిన నిమ్మతొక్క వాసన
డెట్టాలును పక్కకు నూకి
నాకన్న ముందే గల్ల పెట్టె కాడ కూసుంటది.

ఇయ్యాల అండాలక్క తుమ్ముకుంట వచ్చింది.
ముక్కుకు కొంగు అడ్డం, కండ్ల నిండ నీళ్లు.
"పుల్ల గోలీలియ్యి తమ్మీ, నారింజ రంగువి.
రోజుకోటి సప్పరిస్తే సర్ది మనదిక్కు సూడదని
మా మేస్త్రి చెప్పిండు."

పట్టీ తీసుకుంట ఆమె చేతులు సూసిన.
నిమ్మముండ్లు గీరిన గీతలు,
పాతవి నల్లగ, నిన్నటివి ఎర్రగ.
పొద్దుమూకె దాక ఆ చేతులు ఎన్ని వందల కాయలు తెంపుతయో,
అండ్ల ఎంత 'సి' ఉంటదో
ఎవ్వరూ అచ్చువెయ్యలే.
పట్టీ మీద మాత్రం ఉన్నది: ఐదు వందల మిల్లీగ్రాములు.

ఆ కరోనా ఏడు యాదికొచ్చింది.
షాపు ముంగట సున్నంతోటి గీసిన గుండ్రాలల్ల నిలవడి
జనమంత గివే అడిగిండ్రు.
సి, డి, జింకు.
పేర్లు రానోళ్లు రంగులు చెప్పిండ్రు.
సేటు డబ్బాలు లోపలర్రల దాసి
తెల్లారి కొత్త రేటు తీసిండు.
నేను మూడు పూటల మింగిన. అమ్మెటోన్ని గద, కరువు లేదు.
మూడో వారం నాకే జ్వరం.
నిమ్మకాయ కోసి ముక్కుకాడ పెట్టుకుంటె
ఉత్త తడి, సల్లగ.
పదకొండు దినాలు ఈ సందుకు వాసనే లేకుండె.

మింగకపోతే ఇంకింత అయ్యేదేమో.
మింగినా మింగకున్నా గంతే ఉండేదేమో.
ఒక్క పెయ్యి రెండు తీర్ల బతికి సూసుడు ఎట్ల?

"ఏస్తె రాదా మరి?"
సర్కారు దవాఖాన డాక్టరమ్మ ఒకపారి చెప్పింది.
సర్ది పట్టినంక మింగితే ఒరిగేది తక్కువ.
ఏడాది పొడుగూత మింగితే
ఏడు దినాల సర్ది ఆరున్నర కావొచ్చు.
డి గోలీ అంటవా,
ఒంట్ల అది తక్కువున్నోళ్లకు ఇంత ఆసరా, కావొచ్చు, కాకపోవచ్చు.
ఆ 'కావొచ్చు'ను ఏ డబ్బా మీద అచ్చేస్తరు?

"డి అంటె ఏంది?"
"ఎండల దొరికేది అక్కా."
దగ్గు అడ్డమొచ్చేదాక నవ్వింది.
"ఎండను గూడ గోలీ చేసిండ్రా! నా నెత్తి మీదిది కొంటరేమో అడుగు."

చిల్లర ఎతికినట్టు చేసి
గోడ గడియారం సూసుకుంట ఆమె ఊపిరి లెక్కవెట్టిన.
నిమిషానికి పద్దెనిమిది.
"మెట్లెక్కితె ఆయాసమొస్తుందా?"
"మెట్లెక్కడియి తమ్మీ, నిచ్చెనెక్కుత. రాలే."
"జ్వరం మూడొద్దులు దాటినా, దమ్ము అందకున్నా
నాకాడికి రాకు. సీదా దవాఖానకు పో.
ఇప్పటికైతే ఏడినీళ్లు తాగు, రెండు దినాలు పండుకో."

"రెండు దినాలంటె ఎనిమిది నూర్లు."
నేను గోలీలు ఎంచేకంటె జల్ది ఆమె కూలి ఎంచింది.

వద్దంటే పక్క షాపుకు పోతది. నాకెరికే.
పట్టీని కత్తెరతోటి సగం చేసి ఇచ్చిన.
ఒకటి ఆడనే నోట్లేసుకొని
కండ్లు చిన్నగ జేసి, పెదవి నాకి,
"మా కాయలే నయ్యం" అన్నది.

పోతపోత కొంగు ముడి ఇప్పి
రెండు కాయలు కౌంటర్ మీద పెట్టింది,
మచ్చలున్నయని వ్యాపారి ఏరి పారేసినయి.
వాటిని సేటు సూడకముందు జేబుల ఏసుకున్న.

రాత్రి షట్టర్ గుంజేముందు
ఒకటి కోసి ముక్కుకాడ పెట్టుకున్న.
ఉన్నది వాసన.
లైటు బందు చేసి, మల్లొకసారి సూసిన.
ఉన్నది.