మూడో జామాయిల్ చెట్టు

సంచీ నాకంటే ముందే టాక్సీలో వెళ్లిపోయింది.
నా దగ్గర మిగిలింది
నీళ్ల సీసా, టార్చి, జున్ను పెట్టిన రెండు రొట్టెలు,
ప్లాస్టిక్ కవరులో తొమ్మిది కాగితాలు.
వెంట మనిషి రాడు. కాగితం చెబుతుంది, నేను వింటాను:
"చర్చి వెనక మెట్లు ఎక్కండి.
కాలువ తగలగానే
నీరు పోయే వైపు నడవండి."

ఫిబ్రవరి.
స్వెట్టరు వేసుకుంటే ఉక్క,
తీస్తే చలి కాదు, చలికి చిన్న చెల్లెలు.
మదీరాలో వాతావరణం ఎవరినీ నొప్పించదు.
ఆ పని మెట్లకు అప్పగించారు.
సముద్రం అడుగు నుంచి ఎగదన్నిన నిప్పు
ఎలా లేచింది అలాగే గడ్డకట్టింది,
చదును చేసే తీరిక ఎవరికీ లేకపోయింది.
ఆ నిలువు గోడకే మనుషులు
మంచం పట్టేంత, చాప పట్టేంత మడులు చెక్కి
చేమ వేశారు, చిలగడ వేశారు, అరటి నాటారు.

మూరెడు కాలువ. జానెడున్నర గట్టు.
ఎడమ చేతికి కొండ, నాచు, కారే నీరు.
కుడి చేతికి ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిదాని అడుగున ఎక్కడో
ఒక కోడి కూసింది.

ఆకు తుంచి నలిపితే పలావు వాసన.
పొద్దుటి నుంచీ నడుస్తున్నది
బిర్యానీ ఆకు అడవిలోనని
అప్పుడు తెలిసి, ఒంటరిగా నవ్వాను.

సొరంగంలో నడుం వంచాను.
గోడ తడిమితే ఉలి గాట్లు,
ఒక్కో గాటూ ఒక్కో చేతి వాటం.
టార్చి వెలుగులో ఒక చేప
ఏటికి ఎదురుగా, కదలకుండా,
ఉద్యోగం చేస్తున్నట్టు నిలబడి ఉంది.

"మూడో జామాయిల్ చెట్టు దగ్గర ఎడమకు తిరగండి."

మూడోది లేదు.
రెండోది లేదు, మొదటిది లేదు.
కొండ పొడుగునా నల్లటి మోళ్లు.
ఏ వేసవి మంటో, ఎన్ని వానలు తడిపినా
బొగ్గు వాసన ఇంకా వదల్లేదు.
మోళ్లు లెక్కపెట్టాను. పెద్దవేనా, అన్నీనా?
కాలిన చెట్టు లెక్కలోకి వస్తుందా?
మనసు చివుక్కుమని, రొట్టె తిన్నాను.

పార భుజాన వేసుకుని ఆయన వచ్చాడు.
చొక్కా జేబు మీద కుట్టిన పేరు: ఫిర్మీనో.
కాగితం చూపించాను. చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని,
తలకిందులుగా తిరిగిచ్చాడు.
ఉండమన్నట్టు వేలు చూపి, గడియారం చూసి,
పదకొండూ ఇరవైకి సరిగ్గా
ఇనుప రేకు పైకెత్తి మడవ తిప్పాడు.
కింద ఎక్కడో, కనపడని పొలంలోంచి
ఒక ఆడగొంతు అందిందని కేక వేసింది.
దెవొలిందా, నలభై నిమిషాలు అని
చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

కాలిన మోడు చూపించి అయ్యో అన్నాను,
ఏ భాషలోనైనా పనికొచ్చే అయ్యో.
ఆయన నోరు తెరిచి, గటగటా తాగినట్టు నటించి
మోడు వైపు ఉమ్మేశాడు.
ఈ చెట్లు మా నీళ్లు తాగేశాయి.
అది అర్థమవడానికి నాకు కొంచెం సేపు పట్టింది.
మోడు మొదట్లో అప్పటికే
వెండి రంగు గుండ్రటి చిగుళ్లు.
బూటు మడమతో చిదిమి
ముందు నడిచాడు. వెనక నేను.

జుల్మీరా ఇంట్లో నా సంచీ
ఎక్కడికీ నడవని ముఖంతో మంచం పక్కన కూర్చుంది.
చేమదుంపల పులుసు తిని
కాగితంలో ఆ వాక్యం కొట్టేశాను:
"చెట్లు లేవు. పారతో ఒకాయన ఉంటాడు."
ఆయన రాని రోజున? ఏమి రాయాలో తెలియలేదు.

రాత్రి రెండింటికి తలుపు చప్పుడు.
నైటీ మీద కోటు, కాళ్లకు రబ్బరు బూట్లు,
జుల్మీరా నా టార్చి అడుగుతోంది.
ఆమెది ఆరిపోయింది. ఆమె వంతు వచ్చింది.
చిలగడ మడి దగ్గర వెలుగు పట్టుకుని నిలబడ్డాను.
"అక్కడ కాదు, ఇక్కడ," అని
చెయ్యి పట్టి తిప్పింది.
కాలువలో ముందు ఎండుటాకులు వచ్చాయి,
ఒక రొట్టె కాగితం వచ్చింది, అది నాదే కావచ్చు.
తర్వాత నీళ్లు.