మూడో భాగం, రెండు వయోలాలు

హాప్సలు స్టేషనుకి రైళ్ళు రావడం మానేసిన చాన్నాళ్ళకి
టికెట్ల గది బీరువా తీసి దులిపినవాళ్ళకి
సొరుగుల అడుగున పరిచిన కాగితాల మీద
ఐదేసి గీతలు కనిపించాయి.

సింఫనీ అది. రాసినది హెల్మి రాండ్‌వేర్,
ఒకప్పుడు అదే స్టేషనులో తంతి గుమాస్తా.
పగలంతా వాళ్ళ చావులూ వీళ్ళ పెళ్ళిళ్ళూ
చుక్కలూ గీతలూ చేసి పంపి,
రాత్రి సరుకు బండి కోసం కాచుకుంటూ
తనకంటూ కొన్ని చుక్కలు, కొన్ని గీతలు
పెట్టుకుంది.

ఎవరూ వాయించలేదు. ఎవరూ అడగలేదు.
ఆ మాటెత్తితే
పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయేదట,
చెల్లెలి కూతురు చెప్పింది.

మొదటి భాగం మొత్తం దొరికింది.
రెండోదాని అంచులు ఎలుకలు కొట్టాయి, అయినా అతికింది.
చిక్కంతా మూడోదానితోనే:
తొంభై నాలుగు గడుల పొడుగునా
వయొలిన్లు లేవు, ఫ్లూట్లు లేవు, కొమ్ములు లేవు.
మిగిలింది వయోలాల కాగితం ఒక్కటే.

వయోలా అంటే తెలుసుగా, ఆటలో అరటిపండు.
పాట ఎప్పుడూ పక్కవాళ్ళది.
మాది ఊఁ కొట్టడం.
కథ చెప్పేవాళ్ళు చెబుతుంటే
నిద్రపోలేదని తెలియడానికి
ఊఁ, ఊఁ.
మా ఊరి ఆర్కెస్ట్రాలో ఆ పని ఇద్దరిదే:
నాదీ, పళ్ళ డాక్టరు ఊర్వెదీ.

పోయిన పాట నేను రాస్తానన్నాడు కండక్టర్ ఐవార్.
రాశాడు కూడా. బాగానే ఉంది.
మరీ బాగుంది, కట్టుడు పళ్ళలా,
అంది ఊర్వె. ఆమెకి తెలుసు.
రెండు రోజులు మాతో మాట్లాడలేదు అతను.
మూడోనాడు ఆ కాగితాలు తన పెట్టెలో దాచేసి
ఉన్నదే వాయించండన్నాడు.

ఫిబ్రవరి. ఆ స్టేషను హాల్లోనే.
నలభై మంది, సగం మా చుట్టాలే,
విప్పని కోట్లు, ఆగని దగ్గులు.
మూడో భాగం రాగానే అందరూ
వాద్యాలు ఒళ్ళోకి దించుకున్నారు.
మేమిద్దరం మొదలుపెట్టాం.

కథ లేదు.
ఊఁ.
కింది తీగ మీద రెండు, పై తీగ మీద ఒకటి,
మళ్ళీ కింద రెండు.
యాభై ఒకటో గడిలో, ఒక్కచోట,
ఆమె మా స్వరం మార్చింది. ఎందుకో తెలియదు.
పైన ఏదో జరిగి ఉండాలి.
ఎవరో వచ్చి ఉండాలి, లేదా
రావాల్సిన బండి రాక.
నా కమాను వణికింది.
ఊర్వె నా వైపు చూడలేదు.

అయిపోయాక గుమ్మం దగ్గర
చేపలకు పొగపెట్టే లెంబిత్ కూనిరాగం తీస్తున్నాడు.
"ఆ వయొలిన్ పాట వదలడం లేదు" అన్నాడు.
వయొలిన్లు వాయించలేదయ్యా అంటే నమ్మడు.
అలా కాదు, ఇలా అని
వాళ్ళావిడ ఇంకోటేదో పాడింది.
మంచులో పోట్లాడుకుంటూ వెళ్ళారిద్దరూ.

నాకైతే ఏదీ వినబడలేదు,
గడులు లెక్కపెట్టుకుంటున్నాను.
ఇప్పుడు గిన్నెలు తోముతూ
లోపల్లోపల అదే ఊఁ కొడుతుంటాను.
యాభై ఒకటి రాగానే
కుళాయి కట్టేస్తాను.